ఏడో గడి

బుధవారం ఉదయం నర్సు తెరేసమ్మ కాలనీలోకి వచ్చినప్పుడు ఎవరూ మంచం వాల్చలేదు. ఆమె స్కూటరు చప్పుడు వినపడగానే ఏదో ఒక ఇంటి ముందు నులకమంచం వాల్చడం, దాని మీద ఆరేసిన బట్టలను ఎవరో ఒకరు చుట్టి పక్కన పెట్టడం అక్కడి అలవాటు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆ మంచం వాలని రోజు ఆమెకు గుర్తు లేదు. స్కూటరుకు స్టాండు వేసి, సంచీ భుజానికి తగిలించుకుని, ఆమె కొంతసేపు ఎండలో నిలబడింది.

కంకిపాడుకు ఆరు కిలోమీటర్ల అవతల, మురుగు కాలువ గట్టు వెంట ఇరవై రెండు ఇళ్ళు. అందరూ యానాదులు. నాట్లు పూర్తయి చేలు పచ్చబడే ఈ రోజుల్లో వాళ్ళ చేతులకు తీరిక ఉండదు. వరి కుదుళ్ళను కొరికే ఎలుకలను పట్టడానికి రైతులు పిలిచేది వీళ్ళనే. ప్రతి గడప ముందూ వెదురు బద్దలతో అల్లిన సన్నటి పొడవాటి బుట్టలు గుట్టలుగా ఉన్నాయి. అంకమ్మ తన వాకిట్లో కూర్చుని పాత బుట్టకు కొత్త ఉచ్చు కడుతోంది. విల్లులా వంచిన బద్దను మోకాలితో తొక్కిపట్టి, తాటినారను పళ్ళతో బిగించింది. తల ఎత్తలేదు.

"అంకమ్మా, మాత్రలొచ్చాయి. మాణిక్యానివి కూడా తెచ్చాను."

"రత్తయ్య డాక్టరొచ్చాడా?"

"ఆయన సంగతి స్టేషను వాళ్ళు చూసుకుంటారు."

"అయితే మాత్రల సంగతి కూడా ఆళ్ళనే చూసుకోమను."

పక్కింటి వాకిట్లో ఇద్దరు ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

తెరేసమ్మ సంచీలో పదిహేడు పొట్లాలున్నాయి. రోజూ మింగవలసిన మాత్రలు, పన్నెండు వారాలు. కాలేయాన్ని చడీచప్పుడు లేకుండా తినేసే హెపటైటిస్ సి అనే జబ్బు ఆ మాత్రలతో నూటికి తొంభై అయిదుమందికి పూర్తిగా పోతుంది. నెల కిందట ఆమె, ల్యాబ్ టెక్నీషియన్ అర్ఫా కలిసి కాలనీలో డెబ్బై నాలుగు మందికి వేలి నుంచి రక్తం తీశారు. ఇరవై రెండు మందికి పరీక్ష కార్డు మీద జబ్బు సోకిందని చెప్పే రెండో గీత వచ్చింది. విజయవాడ పంపిన నమూనాల్లో పదిహేడు మంది రక్తంలో వైరస్ ఇంకా బతికే ఉందని తేలింది. అందరి వివరాలూ ఆమె ఒక ఫారంలో నింపింది. అందులో ఏడో గడి: "ఇంజెక్షన్లు ఎక్కడ వేయించుకున్నారు?" అందరూ ఒకే పేరు చెప్పారు. రైస్ మిల్లు పక్క గదిలో పట్టా లేకుండా వైద్యం చేసే రత్తయ్య పేరు. చెప్పినట్టే ఆమె ఇరవై రెండు సార్లు రాసింది. ఆ కాగితాలు పైకి వెళ్ళాయి. సోమవారం జీపు వచ్చింది, గదికి సీలు పడింది, రత్తయ్యను తీసుకెళ్ళారు.

"మా రక్తం తీసకపోయి, ఆ రక్తంతోనే ఆయన్ని పట్టించావు గదా నర్సమ్మా!" అంది అంకమ్మ, ఉచ్చు లాగి చూసుకుంటూ. "మళ్ళీ నీ చేతి మాత్ర ఎట్టా మింగమంటావు? పొద్దుగూకినాక జొరమొస్తే ఆయనొచ్చేవోడు. మీ ఆసుపత్రి నాలుగింటికే తాళమేసుద్ది."

"నేను పట్టించలేదు. మీరు చెప్పిందే రాశాను."

"అడిగింది నువ్వేగా?"

అప్పుడే మాణిక్యం భుజం మీద నాలుగు బుట్టలతో వచ్చాడు. అంకమ్మ కొడుకు, ఇరవై ఎనిమిదేళ్ళవాడు. మనిషి సన్నబడ్డాడు, పొట్ట మాత్రం చొక్కా గుండీల మధ్య నుంచి తోసుకొస్తోంది. తెరేసమ్మ వంగి అతని చీలమండ పైన బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక కూడా గుంట అలాగే నిలిచింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"బుట్టలు మోసి మోసి అట్టా అయింది నర్సమ్మగారూ."

"బుట్టలు మోస్తే భుజం వాస్తుంది గానీ పాదం వాయదు."

అతను నవ్వలేదు. "ఆదివారం ట్రాక్టరొచ్చుద్ది. అందరం బంటుమిల్లి ఎల్తన్నాం. కోతలయ్యేదాకా రాం. అప్పుడు చూద్దాం లెండి."

కోతలకు మూడు నెలలుంది. కాలేయం చెడిపోతోందని చెప్పే ఆ గుంట మూడు నెలలు ఆగేది కాదని తెరేసమ్మకు తెలుసు.

*

ఆరోగ్య కేంద్రంలో డాక్టరు హర్షవర్ధన్ ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఆమెను కూర్చోమని సైగ చేశాడు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. వయసుకు మించిన ఓపిక ఉన్న మనిషి. జబ్బు నిర్మూలన కార్యక్రమంలో ఈ మండలం పేరు ముందుండాలని ఆరాటపడేవాడు, అందుకు తగ్గట్టు పనీ చేసేవాడు.

"శుక్రవారానికి పూర్తి నివేదిక కావాలండీ. వయసులవారీగా, కుటుంబాలవారీగా. రత్తయ్య కేసుకు అదే ఆధారం. మాత్రలు మొదలుపెట్టారా?"

"తీసుకోవడం లేదు సార్. ఆయన్ని వదిలితేనే అంటున్నారు."

"చూశారా! జబ్బు అంటించినవాడి కోసం మందు మానేస్తున్నారు. వీళ్ళకు ఎలా చెప్పాలండీ?"

తెరేసమ్మ సబ్ సెంటరుకు వచ్చి రిజిస్టరు ముందు పెట్టుకుంది. స్కేలుతో గీతలు కొట్టి, వయసు ప్రకారం పేర్లు మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. చిన్నపిల్లల నుంచి పైకి వెళ్ళింది. రెండేళ్ళు, లేదు. ఐదేళ్ళు, లేదు. తొమ్మిది, పన్నెండు, పదిహేను, లేదు, లేదు, లేదు. పద్దెనిమిదేళ్ళ లోపు ముప్ఫై ఒక్కమంది. ఒక్కరికీ లేదు. జబ్బున్నవారిలో అందరికంటే చిన్నదానికి ఇరవై అయిదేళ్ళు.

ఆమె పెన్ను కింద పెట్టింది.

రత్తయ్య ఈ ఊరు వచ్చి పదమూడేళ్ళయింది. ఈ పదమూడేళ్ళలో అతని సూది ఎక్కువగా దిగింది పిల్లలకే. జలుబుకు ఒకటి, దగ్గుకు ఒకటి, బడి ఎగ్గొడితే భయపెట్టడానికి ఒకటి. జబ్బు అతని సూదిలో ఉంటే ముందు పిల్లల్లో కనిపించాలి. కనిపించలేదు. అంటే ఈ పిల్లలు పుట్టకముందే, రత్తయ్య రాకముందే, ఏదో ఒక చోట, బహుశా ఒకే చోట, ఇది జరిగి ఉండాలి. ఏడో గడిలో ఆమె అడిగిన ప్రశ్న తప్పు కాదు. "ఎప్పుడు" అనే గడి మాత్రం ఆ ఫారంలో లేదు. ఎవరినీ ఆమె ఆ మాట అడగలేదు.

*

గురువారం ఆమె మందుల సంచీ స్కూటరు డిక్కీలోనే ఉంచి, రిజిస్టరు ఒక్కటే పట్టుకుని వెళ్ళింది. మంచం వాల్చకపోయినా అంకమ్మ ఎదుట నేల మీదే కూర్చుంది. అంకమ్మ కొంచెం ఇబ్బంది పడి, గోనెపట్టా ఒకటి ఆమె వైపు తోసింది.

"రత్తయ్య రాకముందు మీకు సూదులెవరేశారు అంకమ్మా?"

"మళ్ళీ ఎవర్ని పట్టియ్యడానికి?"

"ఎవర్నీ కాదు. చెప్పు."

"ఎవరేత్తారు? అప్పుడు మమ్మల్ని ముట్టుకునేదెవరు? కంకిపాడు డాక్టరు దగ్గరికెళ్తే గుమ్మం బయటే నిలబెట్టేవోడు, కాంపౌండరు చేత మాత్రలు ఇసిరిచ్చేవోడు." అంకమ్మ చేతిలో నార ఆగింది. ముఖంలో మూడు రోజులుగా లేని మెత్తదనం వచ్చింది. "నువ్వే గదా."

"పిల్లలకు టీకాలా?"

"టీకాలు కాదు. కీళ్ళ జొరాలొచ్చిన ఏడు. ఊరూరూ కుంటుకుంటా పోయింది చూడు, ఆ ఏడు. బడి పాకలో బల్లేసుకుని కూకున్నావు. మా ఆయన్ని మంచం మీద మోసుకొచ్చారు. నడుం నిలవలేదు మడిసికి. పొద్దున్నించి సందేళ దాకా అన్నం గూడా తినకుండా పొడిచావు. మాణిక్యం ఏడుత్తంటే నవ్విచ్చి నవ్విచ్చి ఏశావు. సాయంత్రానికి మా ఆయన లేచి నడిచాడు. ఎంత శుభ్రంగా చేశావనీ! మడిసి మడిసికీ సూది మార్చావు. పాత సూది పీకి స్టీలు గిన్నెలో ఎయ్యడం, టింగుమనడం, కొత్తది తొడగడం. మేం మా పిల్లలకి చెప్పుకుంటాం నర్సమ్మా. మా యానాదోళ్ళకి మడిసికో సూది మార్చినోళ్ళు నువ్వు తప్ప ఎవరూ లేరని."

తెరేసమ్మ వింటోంది. ఆమె చేతులకు అప్పుడే గుర్తొచ్చింది. మనసుకు ఇంకా రాలేదు. ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య తలకిందులుగా పట్టుకున్న ముప్ఫై మిల్లీలీటర్ల నొప్పి మందు సీసా. కుడిచేతిలో పది మిల్లీలీటర్ల సిరంజి. మనిషికి మూడు చొప్పున, ఒకసారి నింపితే ముగ్గురికి. ఆ రోజు వచ్చిన పెట్టెలో సూదులు రెండు వందలు, సిరంజీలు ఇరవై. సూది మార్చింది. ఒక్కరినీ తప్పించకుండా మార్చింది. సిరంజి మార్చలేదు. సూది మారిస్తే చాలునని ఆమెకు నేర్పినవాళ్ళు నమ్మారు, ఆమె నమ్మింది. కండ నుంచి సూది వెనక్కి వచ్చేటప్పుడు కంటికి కనిపించనంత రక్తం సిరంజిలోకి వెళుతుందనీ, ఆ సిరంజి మళ్ళీ సీసాలో మునిగితే సీసా మొత్తం పాడవుతుందనీ ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు ఒక శిక్షణలో విన్నది. విని, శ్రద్ధగా రాసుకుని, అప్పటినుంచి జాగ్రత్తపడింది. వెనక్కి తిరిగి మాత్రం చూడలేదు. తన సర్వీసులో తలుచుకుని తృప్తిపడే రోజు ఏదంటే ఆమె ఆ బడి పాక రోజునే చెప్పేది.

పెన్నుకు మూత పెట్టబోయింది. మూత పక్కకు పోయింది. రెండోసారీ పోయింది.

"ఏందమ్మా, ఎండ తగిలిందా?" అంది అంకమ్మ.

"లేదు." ఆమె రిజిస్టరు తెరిచి, జబ్బు లేని పెద్దవాళ్ళ ఇళ్ళకు ఒక్కొక్కటిగా వెళ్ళింది. అలాంటివారు ఇరవై ఒక్కమంది. తొమ్మిదిమంది ఆ తర్వాత కోడళ్ళుగా వచ్చినవారు. ఏడుగురు, "ఆ ఏడు మేం మైలవరం ఇటుకబట్టీలో ఉన్నాం" అన్నారు. నలుగురు ఆ రోజు ఎలుకల పనికి పోయి సూది వేయించుకోలేదు. ఒక ముసలాయన మాత్రం వరసలో అందరికంటే ముందు నిలబడ్డానని గర్వంగా చెప్పాడు. అందరికంటే ముందు. అంటే కొత్త సిరంజితో. ఆమె ఆ మాట రాసి, కింద గీత గీసింది.

*

శుక్రవారం హర్షవర్ధన్ ఆమె రాసి తెచ్చిన నాలుగు కాగితాలనూ రెండుసార్లు చదివాడు. తర్వాత లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

"ఇది ఎవరికైనా చూపించారా?"

"లేదు సార్."

"పంతొమ్మిదేళ్ళ నాటి సంగతి. ఒక ముసలావిడ జ్ఞాపకం. దీన్ని ఆధారమంటారా?"

"ముప్ఫై ఒక్కమంది పిల్లలు ఆధారం సార్."

అతను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తెరేసమ్మగారూ, మీకు ఇంకా నాలుగు నెలలే సర్వీసుంది. అది పక్కన పెడదాం. ఇది పైకి వెళితే ఎంక్వయిరీ వేస్తారు. అది తేలేదాకా మిమ్మల్ని ఆ కాలనీలో అడుగుపెట్టవద్దంటారు. ఆ గట్టు మీద మీరు తప్ప ఇంకెవరి మాట వింటారు? పదిహేడుమందికి మందెవరిస్తారు? మీ మనశ్శాంతి కోసం వాళ్ళ ప్రాణాలు పణం పెడతారా?"

రాత్రంతా ఆమె తనకు తాను వేసుకున్న ప్రశ్నే అది. అందుకే తడుముకోలేదు.

"ఇప్పుడు నా మాటా వినడం లేదు సార్. రత్తయ్యగారు లోపల ఉన్నంతకాలం వినరు. ఆయన పట్టా లేకుండా వైద్యం చేశాడు, దానికి అడగండి. ఇది ఆయన చేయలేదు. ఇంకొక సంగతి." ఆమె ఆఖరి కాగితం పైకి తీసింది. "ఆ నెలలో నేను ఇంకా నాలుగు చోట్ల ఇలాగే వేశాను. ఊళ్ళ పేర్లు రాశాను. కారణం రత్తయ్య అని రాస్తే ఆ నాలుగు ఊళ్ళలో ఎవరూ రక్తం తీయరు. రత్తయ్య అక్కడికి ఎన్నడూ పోలేదు కదా."

హర్షవర్ధన్ ఆ నాలుగు పేర్లూ ఒక్కొక్కటిగా చదివాడు. బయట ఎవరో కంపౌండరును కేకేస్తున్నారు. అతను స్టాంపు ప్యాడ్ దగ్గరకు లాక్కుని, మొదటి పేజీ మీద "అందినది" అని ముద్ర వేసి, తేదీ వేశాడు.

"సోమవారం ఉదయం పంపుతాను. ఈలోగా రేపు శనివారం. రేపు మీరు ఎక్కడికి వెళ్ళేదీ నేను అడగను."

*

శనివారం అర్ఫా కూడా వచ్చింది. విజయవాడ వన్‌టౌన్ పిల్ల. తెల్లవారే బస్సెక్కి, మిగిలిన పరీక్ష కార్డుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. దారిలో తెరేసమ్మ ఆమెకు సంగతంతా చెప్పింది. స్కూటరు దిగేటప్పుడు అర్ఫా, "మేడమ్, అందరూ ఒక్కసారే మీద పడితే?" అంది.

"పడనీ."

బుట్టలను పదేసి చొప్పున కట్టలు కడుతున్నారు. తెరేసమ్మ వేపచెట్టు నీడకు కూడా పోకుండా వాకిలి మధ్యలో నిలబడి, అందరినీ పిలిచి, చెప్పింది. సీసా సంగతి చెప్పింది, సిరంజి సంగతి చెప్పింది. మెత్తని మాటలు వెతకలేదు. "రత్తయ్య కాదు. నేను. తెలియక చేశాను. చేసింది మాత్రం నేనే. అలాగే రాసి ఇచ్చాను." అంతే.

కట్టలు కట్టే చేతులు ఆగిపోయాయి. ఒక పిల్లవాడు ఏదో అడగబోతే తల్లి నోరు మూసింది.

మాణిక్యం ముందుకు వచ్చాడు. "మా నాయన ఆరేళ్ళ కింద పొట్ట ఉబ్బి రక్తం కక్కి పోయాడు. తాగి పోయాడన్నారు అందరూ. మీరూ అన్నారు. అదీ ఇదేనా?"

"అయి ఉండవచ్చు. ఇదే అయి ఉంటుంది."

"మా నాయన తాగేవోడు కాదని మా అమ్మ ఎంత మొత్తుకుందో మీకు తెలవదా?"

"తెలుసు."

"మా అమ్మ మీకు దణ్ణం పెట్టింది నర్సమ్మగారూ. ఇన్నేళ్ళూ." చేతిలోని బుట్టను నేలకేసి కొట్టాడు. బద్దలు విరిగి చెదిరాయి. ఎవరో వెనక నుంచి కాండ్రించి ఉమ్మారు. అర్ఫా తెరేసమ్మ మోచెయ్యి పట్టుకుంది. తెరేసమ్మ కదలలేదు.

అంకమ్మ ఇంకా లేవలేదు. గడపకు ఆనుకుని, భర్త ఒకప్పుడు కూర్చునే చోటు వైపు చూస్తోంది. తర్వాత తెరేసమ్మ వైపు తిరిగింది.

"ఆ సూదులు నీకెప్పుడూ గుచ్చుకోలేదా?"

తెరేసమ్మ ఈ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. "గుచ్చుకున్నాయి."

"ఎన్నిసార్లు?"

"లెక్కలేదు. ఆ రోజే రెండుసార్లు."

"నీ రక్తం చూసుకున్నావా?"

"లేదు."

"ఎందుకని?"

తెరేసమ్మ డెబ్బై నాలుగు మంది వేళ్ళు పట్టుకుంది. ఈ జబ్బు యానాది కాలనీలో వెతకవలసిన జబ్బేగాని తన వేలిలో వెతకవలసినది కాదని ఎవరూ ఆమెకు చెప్పలేదు. తనకే తెలిసినట్టు అనుకుంది.

"కూకో," అంది అంకమ్మ. "ఆ పిల్లని తియ్యమను. మేమందరం చూత్తాం."

తెరేసమ్మ గోనెపట్టా మీద కూర్చుని ఎడమచెయ్యి చాపింది. అర్ఫా దూదితో ఆమె ఉంగరపు వేలు తుడిచింది. అర్ఫా సూది పట్టుకుని వెనకాడడం చూసి తెరేసమ్మ, "భయపడకమ్మా, గట్టిగా గుచ్చు" అంది. ఎర్రటి బొట్టు లేచింది. అర్ఫా దాన్ని సన్నటి గొట్టంతో పీల్చి కార్డు గుంటలో వదిలి, పైన రెండు చుక్కల మందు వేసింది. ఇరవై నిమిషాలు. పైన ఒక్క గీత వస్తే జబ్బు సోకలేదు. కింద రెండో గీత కూడా వస్తే సోకింది. కాలనీలో ఆ లెక్క ఇప్పుడు పసివాళ్ళకు కూడా తెలుసు.

జనం చుట్టూ చేరారు. మాణిక్యం దూరంగానే నిలబడ్డాడు, తల మాత్రం ఇటే ఉంది. కార్డు మీద తడి మెల్లగా పాకింది. పై గీత వచ్చింది. తెరేసమ్మ కింది ఖాళీ వైపు చూస్తోంది. ఆ ఖాళీలో గీత రావాలని తను కోరుకుంటున్నట్టు ఆమెకు హఠాత్తుగా తెలిసింది. వస్తే ఈ వాకిట్లో తనకూ ఒక చోటు ఉంటుంది. వస్తే తనూ ఆ మాత్రలే మింగుతుంది, వీళ్ళ ముఖాల్లోకి చూడగలుగుతుంది. పదిహేను నిమిషాలు. పద్దెనిమిది. కాలువ మీద కొంగ ఒకటి అరిచింది. ఇరవై.

ఖాళీ ఖాళీగానే ఉంది.

"లేదు మేడమ్," అంది అర్ఫా గుసగుసగా. "ఒక్క గీతే."

తెరేసమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అవి ఊరట వల్ల వచ్చిన నీళ్ళు కావని అంకమ్మ ఎలా గ్రహించిందో గాని, గ్రహించింది. ముఖంలో జాలి లేదు, కోపమూ లేదు. ఎలుక కన్నం ముందు కూర్చుని రెండో కన్నం ఎక్కడుందా అని వెతికే మనిషి చూపు అది.

"ఏడవమాకు. నీకు రానందుకు నువ్వేడిస్తే మాకేం ఒరిగిద్ది?" అంది. "నీకు లేదుగా. అంటే ఒంట్లో ఓపికుంది. మాత్రలిక్కడిచ్చి పోతే మేం మింగం. బురదలో పడేసుకుంటాం, మర్చిపోతాం. వారం వారం నువ్వే బంటుమిల్లి రావాల. ముందు వాడికియ్యాల." గడ్డంతో కొడుకును చూపించింది. "పన్నెండు వారాలు. నీ ఉద్యోగం ఉన్నా రావాల, ఊడినా రావాల. మా ఆయనది నేను తర్వాత అడుగుతా. అది వేరే."

"అమ్మా!" అన్నాడు మాణిక్యం.

"నువ్వు నోరు ముయ్యి. కాళ్ళు చూసుకో ముందు."

ఆ మాటను ఒప్పుకున్నట్టో, ఇంకా తేల్చుకోనట్టో తెలియకుండా, ఒకరిద్దరు తిరిగి బుట్టలు కట్టడానికి వెళ్ళారు.

తెరేసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. వేలి మీద దూది ఇంకా అంటుకునే ఉంది. రిజిస్టరు ఒళ్ళోకి తీసుకుని, కొత్త పేజీ తిప్పి, పెన్ను మూత తీసింది.

"బంటుమిల్లిలో ఎక్కడ దిగుతారు అంకమ్మా? ఎవరి చేను?"